గుండె కుడివైపు ఉందన్నారు, గ్రహణం వల్లేనా?

నరసన్నపేట దగ్గర ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది కాబట్టి వేయడం లేదు. చాలా పొడుగ్గా రాసింది, కుదించి ఇస్తున్నాను.

"మేడమ్, నాకిప్పుడు 22వ వారం, మొదటి కాన్పు. టిఫా స్కాన్‌లో బిడ్డ గుండె కుడివైపు ఉందని, పొట్టలోవి కూడా అటువి ఇటు, ఇటువి అటు ఉన్నాయని చెప్పారు. కాగితం మీద సైటస్ ఇన్వర్సస్ అని రాశారు. విశాఖపట్నం వెళ్లి బిడ్డ గుండెకి ఎకో తీయించుకోమన్నారు. మా అత్తగారు నాకు సొంత మేనత్త, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పింది. ఇప్పుడు ఆవిడే 'గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకోవద్దంటే ఇన్నావేటి, ఆనపకాయ తరిగావు, ఎప్పుడూ ఒక్క పక్కకే పడుకున్నావు' అంటోంది. గ్రహణం నాటికి నాకు నాలుగో నెల. మా ఆయన ఏమీ మాట్లాడడు. మా ఆడపడుచు తీయించేస్తే మంచిదంటోంది. నిజంగా నా వల్లే జరిగిందా? మేనరికం వల్లా? అసలు కడుపులో బిడ్డకి ఏది కుడో ఏది ఎడమో ఎలా తెలుస్తుంది?"

తల్లీ, నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరైన మనిషిని, డాక్టర్ని కాదు. నా దగ్గర చదువుకున్న ఆఖరి బ్యాచ్ పిల్లల వయసుంటుంది నీకు, అందుకే నువ్వు అనే అంటాను. ముందు జవాబు చెప్పేస్తాను, కథ తర్వాత. నీ వల్ల కాదు. ఆనపకాయ వల్ల కాదు, కత్తిపీట వల్ల కాదు, నువ్వు ఏ పక్కకి తిరిగి పడుకున్నావన్న దాని వల్ల అసలే కాదు. నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, తేదీలు లెక్కేసి చెబుతున్నాను, ఆ లెక్క నువ్వే వేసి మీ అత్తకి చూపించొచ్చు.

బిడ్డకి కుడి ఏదో ఎడమ ఏదో తేలిపోయేది పిండం ఏర్పడిన మూడో వారంలో. డాక్టర్లు చివరి నెలసరి నుంచి లెక్కపెడతారు కాబట్టి వాళ్ల లెక్కలో అది ఐదో వారం. అంటే నీకు నెలసరి రావాల్సిన తేదీ దాటి నాలుగైదు రోజులు అయ్యీ కాని సమయం, నువ్వు మెడికల్ షాపులో టెస్టు కిట్టు కొన్నావో లేదో కూడా తెలీదు. అక్కణ్ణుంచి ఇంకో పది రోజుల్లోపు గుండె గొట్టం ఒక పక్కకి వంగిపోతుంది. గ్రహణం వచ్చేసరికి నీకు నాలుగో నెల అన్నావు. అప్పటికి ఆ గుండె తన వైపు తాను చూసుకుని దాదాపు రెండు నెలలైంది. అరసవల్లి స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది మార్చిలో, అక్టోబరులో ఆ కొద్ది రోజులే కదా, జూన్‌లో వెళ్లి ఎంతసేపు నిలబడ్డా పడవు. ఇదీ అంతే, ఆ కొద్ది రోజుల కిటికీ మూసుకున్నాక ఎవరు ఏం తరిగినా గుండె అటు నుంచి ఇటు రాదు. (గ్రహణమొర్రికి కూడా ఇదే లెక్క. పై పెదవి కలుసుకోవడం పిండానికి ఏడు వారాలు నిండేలోపే అయిపోతుంది. పేరులో గ్రహణం ఉందని తరతరాలుగా ఆడవాళ్లని చీకటి గదిలో కదలకుండా పడుకోబెడుతున్నాం.)

ఇక నీ ఆఖరి ప్రశ్న. బిడ్డకి ఎలా తెలుస్తుంది అని. ఇంత టెన్షన్‌లో ఉండి కూడా ఆ ప్రశ్న అడిగావంటే నాకు చాలా నచ్చింది, ఎందుకంటే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా 1990ల దాకా దీనికి సరైన జవాబు లేక తల పట్టుకున్నారు. కొంచెం ఓపిగ్గా చదువు.

కొన్ని జంతువుల్లో ఇది సులువు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగ ఉంటుంది చూడు, దాని గుడ్డులో తల ఎటు వస్తుందో తల్లే ముందుగా సర్ది పెట్టేస్తుంది, గుడ్డులో ఒక కొసన కావాల్సిన సరుకు పెట్టి పంపిస్తుంది. కప్పలో శుక్రకణం గుడ్డులోకి ఏ వైపు నుంచి దూరిందో ఆ వైపు పొట్ట, ఎదుటి వైపు వీపు. కోడిగుడ్డు పెంకు కట్టేటప్పుడు తల్లి కడుపులో సుమారు 20 గంటల పాటు నెమ్మదిగా దొర్లుతూ ఉంటుంది, అప్పుడు భూమ్యాకర్షణే తలా తోకా తేలుస్తుంది. మనలాంటి పాలిచ్చే జంతువుల దగ్గరికి వచ్చేసరికి తల్లి ఇలాంటి ఏర్పాటేదీ చేసి పంపదు. మొదటి రెండు కణాల్లో, నాలుగు కణాల్లో చిన్నపాటి మొగ్గు ఉందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారనుకో, కానీ ఉన్నా అది రాతిమీద గీత కాదని 1959లోనే తేలింది. టర్కోవ్‌స్కీ అని పోలండ్ ఆయన ఎలుక పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒకదాన్ని చంపేసి మిగిలిన దాన్ని తల్లి కడుపులో పెట్టాడు. అర ఎలుక పుట్టలేదు, పూర్తి ఎలుకే పుట్టింది. తర్వాత ఆయనే రెండు వేర్వేరు పిండాల్ని అతికించి ఒకే ఎలుకని పుట్టించాడు, దానికి రెండు తలలూ రాలేదు, రెండు గుండెలూ రాలేదు. అంటే మొదటి రోజుల్లో ఏ కణానికీ "నువ్వు కుడి, నువ్వు ఎడమ" అని ఎవరూ చెప్పి ఉంచలేదు. అంతా తర్వాత అక్కడికక్కడే తేల్చుకుంటాయి.

మొదట తేల్చుకునేది లోపల, బయట. ఎలుకలో ఎనిమిది కణాలయ్యేదాకా అవి ద్రాక్షగుత్తిలా ఒకదాని పక్కన ఒకటి ఊరికే ఉంటాయి, అప్పుడు ఒకదాన్నొకటి అదుముకుని ముద్దలా అవుతాయి. మన పిండంలో కూడా ఇంచుమించు అప్పుడే, ఒక అడుగు ఆలస్యంగా. ముద్దయ్యాక ఇంకోసారి చీలితే కొన్ని కణాలు లోపల చిక్కుకుంటాయి, కొన్ని బయట మిగులుతాయి. బయట ఉన్నవాటికి ఒక ముఖం ఖాళీ, అటు ఆనుకోవడానికి ఎవరూ లేరు. ఆ తేడాతోనే వాటి దారి మారిపోతుంది: అరుగు మీద మిగిలినవాళ్లు మాయ కట్టే పనిలోకి వెళ్తారు, ఇంట్లోకి వెళ్లినవాళ్లలోంచి బిడ్డ వస్తుంది.

తర్వాత తల ఎటు, తోక ఎటు. ఇది నాకు ఎప్పుడూ శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు సీటు లాగే అనిపిస్తుంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసేసేవాళ్లుంటారు కదా. ఎలుక పిండం అప్పటికి చిన్న గ్లాసులా ఉంటుంది, దాని అడుగున బయటి పొరలో కొన్ని కణాలు తయారై ఒక పక్కకి పాక్కుంటూ పైకి వెళ్తాయి, వెళ్లి అక్కడ తువ్వాలు వేస్తాయి: ఇక్కడ తోక పనులు జరగడానికి వీల్లేదు అని. ఆ తువ్వాలు ఏమిటంటే సెర్బెరస్, లెఫ్టీ, డీకేకే1 అనే ప్రోటీన్లు, ఇవి తోకవైపు పనులు పురమాయించే నోడల్, డబ్ల్యూఎన్‌టీ సంకేతాల్ని అడ్డుకుంటాయి. అడ్డు లేనిది ఎదుటి పక్కనే కాబట్టి అక్కడ ఒక గీత మొదలవుతుంది, దాన్ని ప్రిమిటివ్ స్ట్రీక్ అంటారు, మన పిండంలో అది కనిపించేది సుమారు 15వ రోజుకి. అక్కణ్ణుంచి కణాలు లోపలికి దిగి మూడు పొరలు కడతాయి. మన పిండం గ్లాసులా కాకుండా బిళ్లలా ఉంటుంది, పద్ధతి మాత్రం అదే.

చూశావా, ఇంతవరకూ వచ్చినా కుడి ఎడమల మాటే లేదు. తలెటో తెలిసింది, వీపెటో పొట్టెటో తెలిసింది. కానీ ఆ రెండూ తెలిసినంత మాత్రాన ఎడమ తెలియదు. నిలువుటద్దం ముందు నిలబడి చూసుకో, అద్దంలో మనిషికి కూడా తల పైనే ఉంటుంది, ముఖం ముందే ఉంటుంది, చెయ్యి మాత్రం మారిపోతుంది. నీ బిడ్డ విషయంలో అదే జరిగిందని డాక్టర్లు అంటున్నారు, అద్దంలో బొమ్మ. మరి మిగతా అందరిలో గుండె కొన ఎడమకే ఎందుకు వస్తోంది? లివర్ కుడికే ఎందుకు? పదివేల మందిలో ఒక్కరికి తప్ప మిగతా అందరికీ ఒకేలా ఎలా కుదురుతోంది? ఏదో ఒకటి, ఎక్కడో ఒక చోట, "ఇదీ ఎడమ" అని వేలు పెట్టి చూపించాలి కదా.

ఆ వేలు ఎక్కడుందో చెబుతాను. ఇందాక చెప్పిన గీతకి తలవైపు కొసన ఒక చిన్న గుంట ఉంటుంది, దాన్ని నోడ్ అంటారు. పిండం మొత్తమే అప్పటికి ఆవగింజంత లేదు, ఆ గుంట ఎలుకలో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. గుంట నిండా కాస్త ద్రవం. అడుగున రెండు మూడు వందల కణాలు, ఒక్కో కణానికి ఒక్క వెంట్రుక, మన తెలుగు మీడియం పుస్తకాల్లో శైలికలు అని చదువుకున్నామే అవి. ఈ వెంట్రుకలు గిరగిరా తిరుగుతాయి, నిమిషానికి ఆరువందల చుట్లు. మీ గదిలో సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టినా నిమిషానికి మూడు నాలుగు వందలే తిరుగుతుంది. అన్నీ ఒకే వైపుకి, గడియారం ముల్లు తిరిగే వైపుకి తిరుగుతాయి.

ఇక్కడ నీకో అనుమానం రావాలి, మా క్లాసులో ఎవరో ఒకరు ప్రతి ఏడూ అడిగేవాళ్లు: గుండ్రంగా తిరిగితే నీళ్లు కూడా గుండ్రంగానే తిరగాలి, ఒక పక్కకి ఎందుకు పోతాయి అని. కిటుకేంటంటే ఆ వెంట్రుకలు నిటారుగా ఉండవు, తోకవైపుకి వాలి ఉంటాయి. పాయసం గిన్నెలో గరిటె తిప్పి చూడు. గరిటె పైకి లేచి గిన్నె మధ్యలో కదిలినప్పుడు పాయసమంతా దానితో వస్తుంది, గరిటె అడుగుని రాసుకుంటూ వెనక్కి వచ్చినప్పుడు అడుగునే కాస్త కదులుతుంది తప్ప పైన పాయసం పెద్దగా కదలదు. ఈ వెంట్రుక కూడా అంతే, చుట్టులో సగం నిలబడి ఎడమకి తోస్తుంది, మిగతా సగం నేలకి ఆనుకుని కుడికి వస్తుంది. మొత్తం మీద ద్రవం కుడి నుంచి ఎడమకి పారుతుంది. చిన్న ఏరు. ఇది 1998లో తోక్యోలో నొనాకా, హిరోకావా వాళ్లు ఎలుక పిండంలో మొదటిసారి చూశారు. నాగావళిలో నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియాలంటే ఆకు వదిలి చూస్తాం కదా, వాళ్లు సన్నటి పూసలు వదిలి చూశారు.

సరే, పారింది. పారితే గుండె ఎడమకి రావడానికి కారణం అదే అని ఏం గ్యారంటీ? 2002లో హమాదా అనే ఆయన లేబరేటరీలో నొనాకాయే ఆ సంగతీ తేల్చాడు. ఎలుక పిండాల్ని చిన్న పెట్టెలో పెట్టి, పంపుతో ద్రవాన్ని ఎదురు దిక్కుకి, అంటే కుడికి తోశారు. ఆ పిండాల్లో కుడి ఎడమలు తారుమారయ్యాయి. వెంట్రుకలు పుట్టుకతోనే కదలని ఎలుక పిండాల్లో కూడా పంపు ఎటు తోస్తే అటే ఎడమ అయింది. నాకు ఈ ప్రయోగం ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. తర్వాత ఇంకో సంగతి తెలిసింది, రెండు మూడొందల వెంట్రుకల్లో రెండంటే రెండు సరిగ్గా తిరిగినా ఎలుకకి సరిపోతుందట. (కోడిపిల్లలో, పందిలో ఈ తిరిగే వెంట్రుకలు లేవు, వాటి పద్ధతి వేరు. ప్రకృతి ఒకే పనిని అన్ని ఇళ్లల్లో ఒకేలా చెయ్యదు.)

ఆ ఏరు గుంట ఎడమ గట్టుకి తగిలితే, గట్టు మీద ఉన్న కణాలకి కూడా వెంట్రుకలు ఉంటాయి, అవి తిరగవు, ఊరికే వంగి పసిగడతాయి. అవి కబురందుకోగానే ఎడమవైపు నోడల్ అనే ప్రోటీన్ లేస్తుంది. నోడల్ ఊళ్లో పుకారు లాంటిది, తనని తానే పెంచుకుంటూ పోతుంది. అది కుడివైపుకి కూడా పాకితే ఇక ఎడమా కుడీ ఒకటే అయిపోతాయి కాబట్టి నోడలే తన వెనకాల లెఫ్టీ అనే ఇంకో ప్రోటీన్‌ని లేపుతుంది, ఇది పుకారు కన్నా వేగంగా బండేసుకుని వెళ్లి "అదేం లేదు, నమ్మకండి" అని నడుమ గీత దగ్గర ఆపేసే మనిషి. అందుకే పుకారు ఎడమ వీధిలోనే ఉండిపోతుంది. ఎడమ వీధిలో పిట్ఎక్స్2 అనే జన్యువు వెలుగుతుంది, ఇక గుండె, ఊపిరితిత్తులు, పేగులు దాన్ని చూసుకునే తమ ఆకారం సర్దుకుంటాయి. గుండె అప్పటికి తిన్నని గొట్టం, మొదట కుడికి వంగి, తర్వాత మెలికలు తిరిగి చివరికి కొన ఎడమకి చేరుతుంది. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. నీ బిడ్డలో ఇవన్నీ అటూ ఇటూ మారి ఉంటాయన్నమాట.

మరి ఆ వెంట్రుకలు గడియారం ముల్లులాగే ఎందుకు తిరగాలి అంటే, వాటి లోపల ఉన్న మోటారు అణువుల కట్టుబడిలోనే ఆ వాటం ఉంది. మన ఒంట్లో ప్రోటీన్లు దాదాపు అన్నీ ఒకే చేతివాటం ఉన్న అమైనో ఆమ్లాలతో కట్టినవి. చేతివాటం అంటే మన వాడుకలో ఇంకో అర్థం ఉంది, అది కాదు. అన్నట్టు గుండె కుడివైపు ఉన్న బిడ్డ ఎడమచేత్తో రాస్తుందేమో అని కంగారు పడకు, ఆ రెంటికీ సంబంధం కనపడలేదు.

ఇప్పుడు నువ్వు తెలుసుకోవాల్సిన అసలు విషయం, మేనరికం సంగతి. 1976లో స్వీడన్‌లో అఫ్జీలియస్ అనే ఆయన పిల్లలు కలగని కొందరు మగవాళ్లని పరీక్షించాడు. వాళ్ల శుక్రకణాల తోకలు కదలవు. చూస్తే వాళ్లకి చిన్నప్పటి నుంచీ దగ్గు, సైనసు బాధ, పైగా కొందరికి గుండె కుడివైపు. ఈ మూడూ కలిసి రావడాన్ని స్విట్జర్లాండ్‌లో కార్టాగెనర్ అనే డాక్టరు 1933లోనే రాసి పెట్టాడు, ఎందుకు కలిసి వస్తున్నాయో మాత్రం అప్పుడు అంతుపట్టలేదు. అఫ్జీలియస్ చెప్పిందేంటంటే, శుక్రకణం తోకలోనూ, ఊపిరి గొట్టంలో కఫాన్ని పైకి ఊడ్చే వెంట్రుకల్లోనూ ఉండే మోటారు ఒకటే, అది చెడితే అన్నీ ఆగిపోతాయి. పిండంలో కూడా ఇలాంటి వెంట్రుకలేవో కుడి ఎడమలు నిర్ణయిస్తుండాలి, అవి ఆగిపోతే ఇక బొమ్మా బొరుసే. నిజంగానే ఈ జబ్బు ఉన్నవాళ్లలో సుమారు సగం మందికే గుండె కుడివైపు, మిగతా సగానికి మామూలుగా ఎడమవైపే. ఒకే పోలిక కవలల్లో ఒకరికి అటు, ఒకరికి ఇటు వచ్చిన సందర్భం కూడా ఉంది. అంటే జన్యువు చెడితే "తిరగబెట్టు" అని చెప్పదు, ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. ఎవరూ చెప్పనప్పుడు నాణెం ఎగరేసినట్టు ఏదో ఒక పక్క పడుతుంది. జపాను వాళ్లు ఎలుకలో ఆ ఏరుని కళ్లారా చూసేసరికి ఆయన ఈ మాట అని 22 ఏళ్లయింది.

ఈ జబ్బు మామూలుగా అమ్మ నుంచి ఆ జన్యువుకి ఒక చెడు నకలు, నాన్న నుంచి ఒక చెడు నకలు, రెండూ కలిస్తేనే వస్తుంది. మేనరికంలో అలా కలిసే అవకాశం ఎక్కువ, ఇది దాచాల్సిన పని లేదు. మీ తాతదో నాయనమ్మదో ఒక నకలు మీ నాన్నకీ, మీ అత్తకీ వచ్చి, అక్కణ్ణుంచి నీకూ మీ ఆయనకీ చేరి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, ఉంది అనడం లేదు, ఎందుకంటే అవయవాలు పూర్తిగా అద్దంలోలా తిరిగినవాళ్లలో నలుగురైదుగురిలో ఒక్కరికే ఈ వెంట్రుకల జబ్బు ఉంటుంది, మిగతావాళ్లకి ఏ బాధా లేక ముసలితనంలో ఎప్పుడో ఎక్స్‌రే తీస్తే బయటపడేవాళ్లూ ఉన్నారు. ఒకవేళ ఉన్నా అది ఎవరి తప్పూ కాదు. ఇంకో మాట: ఇది చదివి రేపు మీ అత్త నోరెత్తగానే "నీ దగ్గర్నుంచే వచ్చింది" అని మాత్రం అనకు. నీ మీద ఆనపకాయ వేసినందుకు ఆవిడ మీద జన్యువు వేస్తే ఆ ఇంట్లో ఇద్దరూ ఏడుస్తారు.

ఇక చెయ్యాల్సినవి. విశాఖపట్నం వెళ్లడం వాయిదా వెయ్యకు, ఈ వారంలోనే వెళ్లు. బిడ్డ గుండె ఎకోకి ఇదే సరైన సమయం. ముందు అసలు కుడివైపే ఉందా అన్నది ఇంకోసారి తేల్చమను. ఎందుకంటావా, మా ల్యాబ్‌లో 33 గంటల కోడిపిండం స్లైడు ఒకటి ఉండేది, ఆ వయసుకి గుండె గొట్టం కుడికి వంగుతూ స్పష్టంగా కనిపిస్తుంది. ఒక పిల్ల రికార్డులో ఎడమకి వంగినట్టు వేసింది. నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆ పిల్ల ఏడుపు మొహంతో "మేడమ్, నాకలాగే కనపడింది" అంది. వెళ్లి చూస్తే నిజమే, ఎడమకే ఉంది. స్లైడు మీద చేతిరాత చీటీ తిరగబడి కనిపిస్తోంది, ఎవరో బోర్లా పెట్టేశారు. ఎర్ర గీత మీద మళ్లీ నేనే సంతకం పెట్టి మార్కులు వేశాను. స్కాన్‌లో కూడా బిడ్డ తల కిందకుందా పైకుందా, వీపు ఎటుంది, మెషీను ఎటు పట్టుకున్నారు అన్నదాన్ని బట్టి వైపు పొరబడే వీలుంది. పొరబడ్డారని నేననడం లేదు, చూసి ఖాయం చేసుకోమంటున్నాను, అంతే.

ఖాయమైతే రెండో ప్రశ్న: అన్నీ పూర్తిగా తిరిగాయా, లేక కొన్ని తిరిగి కొన్ని తిరగలేదా? నీ బిడ్డ భవిష్యత్తు చాలావరకు దీని మీదే ఉంది. అన్నీ కలిసి అద్దంలోలా తిరిగితే ఒకదానికొకటి సరిగ్గానే అమరుతాయి, రక్తం దాని దారిన అది పోతుంది, గుండెలో లోపం ఉండే అవకాశం మామూలు బిడ్డల కన్నా కొంచెం ఎక్కువే అయినా ఎక్కువమందికి ఉండదు. గుండె ఒక వైపు, లివర్ నడిమధ్యలో, ప్లీహం లేకపోవడమో నాలుగైదు ముక్కలుగా ఉండడమో అయితే దాన్ని హెటెరోటాక్సీ అంటారు, అందులో గుండె లోపాలు చాలా ఎక్కువ, పుట్టాక ఆపరేషన్ కావాల్సి రావచ్చు, పేగులు మెలిక పడే ప్రమాదమూ ఉంటుంది. నీ ఉత్తరాన్ని బట్టి మొదటి రకంలా అనిపిస్తోంది, కానీ ఆ మాట నేను చెప్పేది కాదు, ఎకో తీసినవాళ్లు చెప్పాలి. ఆ రిపోర్టు చేతికి రాకముందు తీయించడం అన్న మాట మీ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు, మీ ఆడపడుచుకి నా మాటగా చెప్పు. వీలైతే అక్కడే జెనెటిక్ కౌన్సెలింగ్ కూడా అడుగు. ఆ వెంట్రుకల జబ్బు అని తేలితే తర్వాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, అది ముందే తెలిస్తే మంచిది.

కాన్పు మాత్రం పసిబిడ్డలకి ఐసీయూ ఉన్న చోటే పెట్టుకో. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఏ కారణం లేకుండా మొదటి రోజుల్లో ఎగశ్వాస తీసినా, పుట్టినప్పటి నుంచి ముక్కు కారుతూనే ఉన్నా, ఏడాది పొడుగునా కఫం దగ్గు తగ్గకపోయినా "చలికాలం కదా" అని ఊరుకోవద్దు, చెవులు మాటిమాటికీ చీము పట్టినా అంతే, గుండె కుడివైపు ఉందన్న సంగతి పిల్లల డాక్టరుకి చెప్పి శైలికల పరీక్ష గురించి అడగాలి. పెద్దయ్యాక ఇంకో చిక్కుంది. అందరికీ అపెండిసైటిస్ నొప్పి కుడివైపు వస్తే ఈ బిడ్డకి ఎడమవైపు రావచ్చు, ఈసీజీ వైర్లు మామూలుగా పెడితే రిపోర్టు తేడాగా వస్తుంది. అందుకని ఒక చిన్న కార్డు మీద రాయించి, లామినేషన్ చేయించి బడి బ్యాగులో ఒకటి, పర్సులో ఒకటి పెట్టడమే దీనికి మందు. పక్క మార్చి పడుకోవడం గురించి కూడా అడిగావు కాబట్టి చెబుతున్నా, ఆఖరి మూడు నెలల్లో వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోమనే డాక్టర్లు చెబుతారు. హాయిగా పడుకో.

విశాఖ బస్సెక్కే ముందు ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద మీ ఆయన చేత రాయించు, అక్కడ డాక్టరుని ఆయన చేతే అడిగించు. ఏమీ మాట్లాడడన్నావు కదా, ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాడేమో. మీ అత్తని కూడా వెంట తీసుకెళ్లు, వీలైతే ఎకో గదిలోకి నీతో ఆవిడనే రానివ్వమని అడుగు. రిపోర్టు వచ్చాక పేరు కొట్టేసి నాకు ఫోటో పంపు.